ప్రోటీన్ కైనేజ్‌లు: కణానికి కబురందే తీరు

అడ్రినలిన్, ఇన్సులిన్ లాంటి హార్మోన్లు రక్తంతో పాటు కణం దాకా వస్తాయి గానీ కణం లోపలికి వెళ్లి కబురు చెప్పవు. కణాన్ని చుట్టి ఉన్న కొవ్వు పొర వాటికి దారి ఇవ్వదు. అయినా అవి మోసుకొచ్చిన కబురు లోపలికి చేరుతుంది. కాలేయ కణం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది, కండర కణం రక్తంలోని చక్కెరను తీసుకుంటుంది, గాయం దగ్గర చర్మ కణం రెండుగా విడిపోతుంది. పొరకు బయట తగిలిన ఒక చిన్న అణువు లోపల ఇంత పని చేయించడానికి చాలామటుకు కారణం ఒక ఎంజైమ్‌ల కుటుంబం. అవే ప్రోటీన్ కైనేజ్‌లు.

ఇవి చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. ఏటీపీ అణువుకు మూడు ఫాస్ఫేట్‌లు వరుసగా ఉంటాయి. కైనేజ్ వాటిలో కొసన ఉన్నదాన్ని తీసి మరో ప్రోటీన్‌కు అతికిస్తుంది. అదీ ఎక్కడ పడితే అక్కడ కాదు. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసులో వాడే ఇరవై రకాల్లో సెరీన్, థ్రియోనిన్, టైరోసిన్ అనే మూడింటికే ఫాస్ఫేట్‌ను పట్టుకోగల హైడ్రాక్సిల్ కొస ఉంది. అతుక్కున్న ఫాస్ఫేట్ తనతో పాటు రెండు రుణావేశాలను తెస్తుంది. అప్పటిదాకా ఏ ఆవేశమూ లేని చోట ఒక్కసారిగా రెండు వచ్చి కూర్చునేసరికి చుట్టుపక్కల ధనావేశాలు దగ్గరకు జరుగుతాయి, రుణావేశాలు పక్కకు తప్పుకుంటాయి, ప్రోటీన్ మడత మారుతుంది. మడత మారితే పని మారుతుంది. నిద్రపోతున్న ఎంజైమ్ లేస్తుంది, లేదా పనిలో ఉన్నది ఆగుతుంది, లేదా ఒకదాని ఊసు ఒకదానికి పట్టని రెండు ప్రోటీన్లు అతుక్కుంటాయి. మనిషి కణంలోని ప్రోటీన్లలో దాదాపు మూడో వంతు ఎప్పుడో ఒకప్పుడు ఇలా ఫాస్ఫేట్‌ను మోస్తాయని అంచనా.

ఆ ఫాస్ఫేట్‌ను ఇచ్చే ఏటీపీ చరిత్రలో ఒక తెలుగు పేరు ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తం, కండర సారం వంటి వాటిలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. మాలిబ్డేట్‌తో కలిపినప్పుడు వచ్చే నీలిరంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువన్నమాట. ఆ కొలత చేతిలో ఉండబట్టే వారిద్దరూ కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తరువాత 1929లో ఏటీపీని పట్టుకోగలిగారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. సుబ్బారావును మన వాళ్లు మందుల శాస్త్రవేత్తగానే ఎక్కువగా తలుచుకుంటారు. జీవరసాయనంలో పునాదిగా నిలిచిన ఈ పనికి ఆ పేరులో దక్కవలసినంత వాటా దక్కలేదు.

ఏటీపీని మొదట శక్తి నిల్వగానే చూశారు. దాని ఫాస్ఫేట్ కబుర్లకూ పనికొస్తుందని తేలడానికి మరో పాతికేళ్లు పట్టింది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో కార్ల్ కోరి, గెర్టీ కోరి దంపతులు కండరంలో చక్కెర నిల్వ రూపమైన గ్లైకోజెన్‌ను విడగొట్టే ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైమ్‌ను పరిశోధించారు. అది రెండు రూపాల్లో దొరికింది. ‘ఏ’ రూపం దానంతటదే పనిచేస్తుంది. ‘బి’ రూపానికి ఏఎంపీ అనే మరో అణువు తోడు కావాలి. ‘ఏ’ను ‘బి’గా మార్చే ఇంకో ఎంజైమ్‌ను కూడా వారు గమనించారు గానీ, అది ‘ఏ’ నుంచి ఊడదీస్తున్నది ఏమిటో వారికి అంతుపట్టలేదు.

ఆ చిక్కుముడిని సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ క్రెబ్స్, ఎడ్మండ్ ఫిషర్ 1955లో విప్పారు. కోరీల పద్ధతి ప్రకారం కుందేలు కండరం సారాన్ని వడపోత కాగితంలో పోసి వడకడితే ‘ఏ’ రూపం వచ్చేది. కాగితం మానేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తేటపరిస్తే ‘బి’ రూపమే మిగిలేది. ఒకే కండరం, ఒకే ఎంజైమ్, తేడా అంతా కాగితంలో. తీగ లాగితే తేలిందేమిటంటే, ఆ కాగితంలో కాల్షియం మలినంగా ఉంది. సారంలో ఉన్న ఏటీపీ, కాగితం నుంచి దిగిన కాల్షియం కలిసి ‘బి’ని ‘ఏ’గా మారుస్తున్నాయి. మారుస్తున్నది ఒక కొత్త ఎంజైమ్. అది చేస్తున్నది ఫాస్ఫోరిలేజ్ గొలుసు మొదట్లో, పద్నాలుగో స్థానంలో ఉన్న ఒక్క సెరీన్‌కు ఒక్క ఫాస్ఫేట్ తగిలించడం. ఎనిమిది వందలకు పైగా అమైనో ఆమ్లాలున్న గొలుసు, ఆ ఒక్క మార్పుతో తీరు మార్చుకుంటుంది. కోరీలు చూసిన ఎంజైమ్ ఊడదీస్తున్నది కూడా ఈ ఫాస్ఫేట్‌నే. అంటే ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్ కన్నా తీసేసే ఎంజైమే ముందు కంటపడింది. గుర్తుపట్టడం మాత్రం తరువాత జరిగింది. క్రెబ్స్, ఫిషర్‌లకు 1992లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే ముప్పై ఏడేళ్ల తరువాత. కండరంలో ఒక్క ఎంజైమ్ ముచ్చట అనుకున్నది కణంలో ఇంత విస్తారంగా సాగే వ్యవహారమని తెలియడానికే అన్నేళ్లు పట్టింది మరి.

హార్మోన్‌కూ ఈ ఫాస్ఫేట్‌కూ మధ్య లంకెను ఎర్ల్ సదర్లాండ్ కలిపారు. అడ్రినలిన్ తగిలిన కాలేయ కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు తయారవుతుందని 1950ల చివర్లో ఆయన చూపించారు. 1971 నోబెల్ ఆయనకు దక్కింది. ఆ అణువు ఎవరికి కబురు చెబుతుందో 1968లో క్రెబ్స్ బృందం కనుక్కుంది. అది మరో కైనేజ్. దాన్ని ఇప్పుడు ప్రోటీన్ కైనేజ్-ఏ అంటారు.

మనిషి బెదిరినప్పుడు శరీరంలో జరిగేది ఇదీ. అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చిన అడ్రినలిన్ కాలేయ కణం పొరలోని గ్రాహకానికి తగులుతుంది. గ్రాహకం లోపలి వైపున ఉన్న జి-ప్రోటీన్‌ను కదిలిస్తుంది. జి-ప్రోటీన్ పక్కనున్న ఎంజైమ్‌ను కదిలిస్తే అది ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీని తయారుచేస్తుంది. ప్రోటీన్ కైనేజ్-ఏలో నాలుగు భాగాలు. రెండు పనిచేసేవి, రెండు వాటిని పనిచేయనివ్వకుండా పట్టి ఉంచేవి. సైక్లిక్ ఏఎంపీ వచ్చి పట్టి ఉంచే జంటకు అతుక్కోగానే పనిచేసే జంట విడుదలవుతుంది. అది ఫాస్ఫోరిలేజ్ కైనేజ్‌కు ఫాస్ఫేట్ పెడుతుంది, అది ఫాస్ఫోరిలేజ్‌కు పెడుతుంది, అది గ్లైకోజెన్‌ను విడగొడుతుంది. అదే సమయంలో ప్రోటీన్ కైనేజ్-ఏ, గ్లైకోజెన్‌ను తయారుచేసే ఎంజైమ్‌కూ ఫాస్ఫేట్ పెడుతుంది. అయితే ఆ ఎంజైమ్ దానివల్ల లేవదు, ఆగుతుంది. ఒక చేత్తో విడగొడుతూ మరో చేత్తో కూర్చడం దండగ కాబట్టి కణం ఒకే గుర్తుతో ఒకదాన్ని లేపి, మరోదాన్ని పడుకోబెడుతుంది.

ఇన్ని అంచెలు ఎందుకన్నది సహజంగా వచ్చే సందేహం. ఒక ఎంజైమ్ అణువు ఒక పనితో అరిగిపోదు. అది వరుసగా ఎన్నో అణువుల మీద పనిచేస్తుంది. అంచె అంచెకూ సంఖ్య పెరిగి, రక్తంలో అతి కొద్దిగా ఉన్న హార్మోన్ ఫలితంగా లెక్కలేనన్ని చక్కెర అణువులు బయటికి వస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. ప్రతి అంచె దగ్గరా వేరే కబురు కలవడానికి చోటుంటుంది. కండరం ముడుచుకున్నప్పుడు లోపల కాల్షియం పెరుగుతుంది. ఫాస్ఫోరిలేజ్ కైనేజ్‌కు కాల్షియాన్ని పట్టే భాగం ఒకటి ఉంది కనుక, కండరం పనిలో దిగగానే ఇంధనమూ సిద్ధమవుతుంది. సియాటిల్‌లో వడపోత కాగితం నుంచి దిగిన కాల్షియం చేసింది ఈ పనే.

తగిలించిన ఫాస్ఫేట్ అలాగే ఉండిపోతే కబురుకు అర్థం ఉండదు. కాలువ తూము ఎత్తిన లస్కరు మళ్లీ దించకపోతే మడి మునిగిపోతుంది. కణంలో దించే పని ఫాస్ఫటేజ్‌లది. అవి ఫాస్ఫేట్‌ను ఊడదీసి ప్రోటీన్‌ను మునుపటి మడతకు తెస్తాయి. సైక్లిక్ ఏఎంపీని విరగ్గొట్టే ఎంజైమ్ వేరే ఉంది. కబురు మరీ ఎక్కువసేపు వస్తూ ఉంటే గ్రాహకానికే ఫాస్ఫేట్ పెట్టి దాన్ని మూగబోయేలా చేసే కైనేజ్‌లూ ఉన్నాయి. పాఠ్యపుస్తకాలు కైనేజ్‌లకు ఇచ్చినన్ని పేజీలు ఫాస్ఫటేజ్‌లకు ఇవ్వవు గానీ, కణ సంకేతాలు చెడి వచ్చే జబ్బుల్ని గమనిస్తే వాటిలో చాలావాటికి మూలం కబురు రాకపోవడం కాదు, వచ్చిన కబురు ఆగకపోవడం.

కలరాయే అందుకు సాక్ష్యం. కలరా సూక్ష్మజీవి పేగులో ఒక విషాన్ని వదులుతుందని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే, కుందేళ్ల పేగుల మీద ప్రయోగాలతో చూపించారు. ఆ విషం పేగు గోడ కణాల్లోని జి-ప్రోటీన్‌ను మార్చేసి, ఇక ఆగలేని స్థితిలో వదిలేస్తుంది. సైక్లిక్ ఏఎంపీ పెరుగుతూనే ఉంటుంది. ప్రోటీన్ కైనేజ్-ఏ ఆగకుండా పనిచేస్తూ, క్లోరైడ్ బయటికి పోయే మార్గానికి ఫాస్ఫేట్‌లు పెట్టి దాన్ని తెరిచే ఉంచుతుంది. క్లోరైడ్ వెంట సోడియం, వాటి వెంట నీరు పేగులోకి వచ్చేస్తాయి. తీవ్రమైన కలరాలో గంటకు లీటరు దాకా నీరు పోయేది ఇందుకే. పేగు కణాలు చావవు, గోడ చిల్లు పడదు. మామూలుగా జరిగే పనే మితిమీరి జరుగుతుంది. గ్లూకోజ్‌తో పాటు సోడియంను లోపలికి లాక్కునే మార్గం మాత్రం ఈ గొడవలో చెడిపోదు. ఉప్పు, చక్కెర కలిపిన ఓఆర్ఎస్ నీళ్లు ప్రాణం నిలబెట్టేది ఆ మార్గం గుండానే.

కైనేజ్‌లు ఎలా ఉంటాయో కళ్లకు కట్టింది 1991లో. కాలిఫోర్నియాలోని శాన్ డియెగోలో సుసాన్ టేలర్ బృందం ప్రోటీన్ కైనేజ్-ఏ స్ఫటికానికి ఎక్స్‌రే చిత్రణ చేసింది. ఒక చిన్న ముద్ద, ఒక పెద్ద ముద్ద, రెంటి నడుమ లోతైన చీలిక. ఏటీపీ ఆ చీలికలో దూరి కూర్చుంటుంది, ఫాస్ఫేట్ అందుకోవలసిన ప్రోటీన్ చీలిక అంచున ఆనుకుంటుంది. ఆ తరువాత చూసిన దాదాపు ప్రతి కైనేజ్‌కూ ఇదే ఆకృతి. 2002లో మానవ జన్యుపటాన్ని జల్లెడ పట్టగా 518 ప్రోటీన్ కైనేజ్ జన్యువులు తేలాయి. మొత్తం జన్యువుల్లో ఇది 2 శాతానికి దగ్గర. వాటిలో 90 టైరోసిన్‌కు ఫాస్ఫేట్ పెట్టేవి, మిగిలినవాటిలో ఎక్కువ భాగం సెరీన్, థ్రియోనిన్‌ల మీద పనిచేసేవి.

ఆ టైరోసిన్ కైనేజ్‌ల కథ ఒక కోడితో మొదలవుతుంది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పేటన్ రౌస్, కోడికి వచ్చిన కంతి ఒక వైరస్ ద్వారా మరో కోడికి అంటుకుంటుందని 1911లో ప్రకటించారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నోబెల్ వచ్చేసరికి 1966 అయింది, ఆయనకు 87 ఏళ్లు వచ్చాయి. ఆ వైరస్‌లో క్యాన్సర్ తెచ్చే జన్యువుకు సార్క్ అని పేరు. అది వైరస్ సొంతం కాదనీ, కోడి కణాల్లోని మామూలు జన్యువునే వైరస్ ఎత్తుకుపోయిందనీ 1976లో మైకేల్ బిషప్, హెరాల్డ్ వార్మస్‌ల బృందం తేల్చింది. సార్క్ ప్రోటీన్ ఒక కైనేజ్ అని రెండేళ్లకు బయటపడింది. అది ఫాస్ఫేట్ పెట్టేది థ్రియోనిన్‌కు అని మొదట అనుకున్నారు.

1979లో సాల్క్ సంస్థలో టోనీ హంటర్, ఫాస్ఫేట్ అతుక్కున్న అమైనో ఆమ్లాలను విద్యుత్తుతో వేరుచేస్తున్నారు. వాడుతున్న ద్రావణం పాతది. కొత్తది కలుపుకోవడానికి బద్ధకించి ఉన్నదాన్నే వాడటంతో దాని పీహెచ్ 1.9 నుంచి 1.7కు దిగింది. 1.9 దగ్గర ఫాస్ఫేట్ ఉన్న టైరోసిన్, థ్రియోనిన్ రెండూ ఒకే మచ్చగా కలిసిపోతాయి. 1.7 దగ్గర విడిపోయాయి. మచ్చ ఉండవలసిన చోటికి పక్కన కొత్త మచ్చ కనిపించింది. అది టైరోసిన్‌ది. మామూలు కణంలో టైరోసిన్ మీద ఫాస్ఫేట్ చాలా అరుదు కాబట్టే అప్పటిదాకా ఎవరి దృష్టికీ రాలేదు. సార్క్ కూడా టైరోసిన్ కైనేజేనని ఆ తరువాత తేలింది.

సార్క్ దగ్గర తెలుసుకోవలసిన విశేషం దాని తోక. మామూలు సార్క్ తోకలో ఒక టైరోసిన్ ఉంది. మరో కైనేజ్ దానికి ఫాస్ఫేట్ పెడితే తోక వెనక్కి మడుచుకుని ప్రోటీన్‌కే అతుక్కుంటుంది, సార్క్ మూసుకుపోతుంది. ఇక్కడ ఫాస్ఫేట్ ఉన్నంతసేపు విశ్రాంతి, పోతే పని. వైరస్ ఎత్తుకుపోయిన ప్రతిలో ఆ తోకే లేదు. మూసుకునే వీలు లేని సార్క్, కణాన్ని అదేపనిగా చీల్చుకుంటూ పోతుంది. క్యాన్సర్‌కు అంతకన్నా కారణం అక్కర్లేదు.

టైరోసిన్ కైనేజ్‌లలో కొన్ని పొరలోనే నాటుకుని, బయట గ్రాహకంగా, లోపల కైనేజ్‌గా రెండు పనులూ చేస్తాయి. చర్మ కణాలను పెంచే ఈజీఎఫ్ అనే ప్రోటీన్ తగిలితే, రెండు గ్రాహకాలు జతకూడి ఒకదాని తోకకు మరొకటి ఫాస్ఫేట్‌లు పెట్టుకుంటాయి. ఆ ఫాస్ఫేట్‌లను గుర్తుపట్టి వచ్చి అతుక్కునే ప్రోటీన్లు లోపల సిద్ధంగా ఉంటాయి. అక్కడి నుంచి రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే వరుసలో కబురు కేంద్రకం దాకా పోయి, కణ విభజనకు కావలసిన జన్యువులను కదిలిస్తుంది.

ఇన్సులిన్ గ్రాహకం కూడా ఈ జాతిదే. భోజనం తరువాత ఇన్సులిన్ తగలగానే అది తనకు తాను, ఆపై ఐఆర్ఎస్ అనే ప్రోటీన్‌కు టైరోసిన్ మీద ఫాస్ఫేట్‌లు పెడుతుంది. కొన్ని అంచెల తరువాత ఏకేటీ అనే కైనేజ్ లేస్తుంది. అది ఒకవైపు కండర కణం లోపల దాగి ఉన్న గ్లూకోజ్ రవాణా ప్రోటీన్లను పొర మీదికి తెప్పిస్తుంది. మరోవైపు జీఎస్‌కే-3 అనే ఇంకో కైనేజ్‌కు ఫాస్ఫేట్ పెట్టి దాన్ని ఆపుతుంది. ఆ జీఎస్‌కే-3 అప్పటిదాకా చేస్తున్నది గ్లైకోజెన్ తయారీని అణచిపెట్టడం. అణచేదాన్ని అణచడంతో చక్కెర నిల్వ మొదలవుతుంది. టైప్-2 మధుమేహంలో ఇన్సులిన్ ఉన్నా కణం సరిగా స్పందించదు. ఆ లోపం ఎక్కువగా ఈ అంచెల్లోనే ఉంటుంది.

కణ విభజనకు ముహూర్తం పెట్టేవి కూడా కైనేజ్‌లే. పాల్ నర్స్ ఈస్ట్‌లో కనుగొన్న ఇలాంటి ఒక కైనేజ్ జన్యువు పాడైనప్పుడు, దాని బదులు మనిషి జన్యువును పెడితే ఈస్ట్ చక్కగా విభజన చెందిందని 1987లో ఆయన ప్రయోగశాల చూపించింది. టిమ్ హంట్ సముద్రపు అర్చిన్ గుడ్లలో ప్రతి విభజనకూ పెరిగి మాయమయ్యే సైక్లిన్ అనే ప్రోటీన్‌ను చూశారు. ఆ కైనేజ్ పనిచేయాలంటే సైక్లిన్ తోడుండాలి, పని ముగియాలంటే సైక్లిన్ నాశనం కావాలి.

ఇన్ని జబ్బులకు కైనేజ్‌లు కారణమైనప్పుడు వాటిని ఆపే మందు చేయవచ్చు కదా అంటే, చాలాకాలం నిపుణులు పెదవి విరిచారు. అన్ని కైనేజ్‌లూ ఒకే ఏటీపీని, ఒకేలాంటి చీలికలో పట్టుకుంటాయి. ఒకదాన్ని ఆపబోతే వందలు ఆగుతాయని వారి భయం. ఆ భయాన్ని పోగొట్టింది ఒక రకం బ్లడ్ క్యాన్సర్, దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా. ఆ రోగుల తెల్ల కణాల్లో ఒక క్రోమోజోమ్ అసాధారణంగా పొట్టిగా ఉంటుందని 1960లో ఫిలడెల్ఫియాలో గమనించారు. 9వ, 22వ క్రోమోజోమ్‌ల ముక్కలు తారుమారు కావడమే దానికి కారణమని 1973లో జానెట్ రౌలీ గుర్తించారు. ఆ తారుమారులో ఏబీఎల్ అనే టైరోసిన్ కైనేజ్ తన మొదలు పోగొట్టుకుని బీసీఆర్ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. అలా పుట్టిన బీసీఆర్-ఏబీఎల్ ఎప్పుడూ పనిలోనే ఉంటుంది.

నికొలస్ లిడన్, బ్రయన్ డ్రూకర్ తదితరుల కృషితో వచ్చిన ఇమాటినిబ్ ఆ చీలికలో కూర్చుని ఏటీపీకి చోటు లేకుండా చేస్తుంది. ఏబీఎల్ పనిచేయని భంగిమలో ఉన్నప్పుడు చీలికకు ఉండే ఆకారం ఇతర కైనేజ్‌ల కన్నా భిన్నమైనది. మందు పట్టుకునేది ఆ ఆకారాన్నే. ఏటీపీ ఒక్కటే అయినా మందు కొన్నింటినే ఆపడంలోని మర్మం ఇది. తొలి పరీక్షల్లో రోజుకు 300 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. 2001 మే నెలలో అమెరికాలో అనుమతి దొరికింది. పదేళ్లకు పైగా సాగిన తదుపరి అధ్యయనంలో ఈ మందుతో చికిత్స మొదలుపెట్టినవారిలో పదేళ్ల తరువాత 83 శాతం మంది బతికి ఉన్నారు.

మందు ఉండటం వేరు, కొనగలగడం వేరు. ఇమాటినిబ్ భారతదేశంలో నెలకు సుమారు 1,20,000 రూపాయలు పలికినప్పుడు, హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా వంటి దేశీయ కంపెనీలు అదే మందును 8 నుంచి 10 వేలకు ఇచ్చాయి. దాని ఒక స్ఫటిక రూపానికి అసలు తయారీదారు నోవార్టిస్ కోరిన పేటెంట్‌ను సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తిరస్కరించింది. అంతకు ముందు ఏడాది, కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్ అనే మరో కైనేజ్ మందును తయారుచేసుకోవడానికి నాట్కోకు దేశంలోనే మొదటి నిర్బంధ లైసెన్సు లభించింది. నెలకు 2,80,000 రూపాయలున్న మందు 8,880కి దిగింది.

2024 నాటికి అమెరికాలో ఎనభైకి అటూ ఇటూగా కైనేజ్ మందులకు అనుమతి వచ్చింది. భయపడినంత కాకపోయినా ఇబ్బందులు లేకపోలేదు. ఈజీఎఫ్ గ్రాహకాన్ని ఆపే మందులు వాడినవారి ముఖం మీద, ఛాతీ మీద మొటిమల్లాంటి పొక్కులు లేస్తాయి. కంతికి అక్కర్లేని ఆ కబురు చర్మానికి రోజూ కావాలి. ఇక క్యాన్సర్ కణాలు మందుకు లొంగకుండా మారడం మరో సమస్య. ఏబీఎల్‌లో 315వ స్థానంలోని థ్రియోనిన్ పోయి ఐసోల్యూసిన్ వస్తే చీలికలో ఇమాటినిబ్‌కు చోటు చాలదు. దాని తరువాత వచ్చిన చాలా మందులదీ అదే గతి.

2021లో అనుమతి పొందిన అసిమినిబ్ ఆ చీలిక జోలికే పోదు. మామూలు ఏబీఎల్ మొదట్లో ఒక కొవ్వు ఆమ్లం అతికి ఉంటుంది. అది వెనక్కి తిరిగి పెద్ద ముద్దలోని ఒక గుంటలో దూరితే ఏబీఎల్ మూసుకుంటుంది. బీసీఆర్‌తో అతుక్కున్నప్పుడు పోయింది ఆ మొదలే. గుంట మాత్రం అలాగే మిగిలింది. అసిమినిబ్ వెళ్లి అందులో కూర్చుంటుంది, కైనేజ్ మూసుకుంటుంది. చీలిక ఎలా మారినా దానికి పట్టింపు లేదు కాబట్టి, ఎక్కువ మోతాదులో 315వ స్థానం మారిన రోగులకు కూడా అది పనిచేస్తుంది.